అసలు మనిషి పత్రానికి నాలుగు నిమిషాల వేన్నీళ్లు

పగలు, ఒకటో రోజు

దులిపిన లారీలు: తొమ్మిది.

పద్నాలుగు రోజుల చీకటి పోయి ఈరోజు సూర్యుడు వచ్చాడు. చంద్రుడి మీద లారీలు ఎండ ఉంటేనే నడుస్తాయి. కాబట్టి ఇక పద్నాలుగు రోజులు మా కొత్త సాలూరు షెడ్డులో నాకు ముక్కు చీదే తీరిక కూడా ఉండదు. బయట తిరిగొచ్చిన ప్రతి లారీకీ అంగుళం మందాన బూడిదరంగు దుమ్ము పట్టి ఉంటుంది. దాన్ని గాలిగొట్టంతో ఊది, కుచ్చు చీపురుతో దులపడం నా పని. ఆ దుమ్ము అచ్చం దీపావళి మర్నాటి వీధిలా వాసనేస్తుంది. పని అయ్యేసరికి నేనూ అలాగే వాసనేస్తాను.

ఈ పుస్తకంలో లారీల సంఖ్య తప్ప ఇంకేమీ రాయకూడదు. కాని మా సూపర్వైజరు జగ్గునాయుడు గారు మూడేళ్లుగా మొదటి వరుస చూసి సంతకం పెడుతున్నారే తప్ప రెండో వరుస చదివిన పాపాన పోలేదు. అందుకని రెండో వరుస నుంచి నా సొంత గోడు రాసుకుంటున్నాను.

నా పేరు లెంక సన్యాసిరావు. నలభై మూడేళ్లు. పెళ్లి కాలేదు. ఆ పేరు పెట్టిన తాతని మా అప్ప (పెద్దక్క) పారమ్మ ఇప్పటికీ తిడుతుంది. జోడీగూడు ఆప్‌లో చేరి రెండు నెలలైంది. ఇంతవరకు నలుగురు ఆడవాళ్లు పలకరించారు. నలుగురూ అడిగింది ఒకటే: "మీరు సన్యాసం పుచ్చుకున్నారా?"

ఈరోజు అయిదో ఆమె పలకరించింది. పేరు లహరి, ముప్ఫై ఏడేళ్లు. దక్షిణాన శిఖరం అనే ఊళ్లో, దుర్భిణీ కేంద్రంలో పని చేస్తుందట. ఫొటోలో తల తడిగా ఉంది, నవ్వుతోంది. ఆమె సన్యాసం సంగతి ఎత్తలేదు. "దుమ్ము దులిపే పనికి ఓర్పు కావాలి. ఓర్పున్న మగవాళ్లంటే నాకు గౌరవం" అని రాసింది.

ఆ వాక్యం పదకొండు సార్లు చదివాను.

పగలు, మూడో రోజు

దులిపిన లారీలు: పన్నెండు. (ఒకటి రెండుసార్లు దులిపాను. పరధ్యానం.)

లహరి గారితో నిన్న మూడు గంటలు, ఈరోజు నాలుగు గంటలు మాటలు సాగాయి. అన్నీ రాతలోనే. గొంతు వినిపించమంటే దుర్భిణీ కేంద్రంలో శబ్దం చేయకూడదన్నారట. నక్షత్రాలకు ఇబ్బందేమో అనుకున్నాను.

చోడంబలిలోకి, అంటే రాగి అంబలిలోకి, ఉల్లిపాయ నంజుకోవాలా, పచ్చిమిరపకాయా అన్నదాని మీదే గంటన్నర మాట్లాడుకున్నాం. ఇద్దరిదీ ఉల్లిపాయే. నా ఒళ్లు ఝల్లుమంది.

పగలు, నాలుగో రోజు

దులిపిన లారీలు: ఏడు.

లహరి గారు జోడీగూడు వదిలేసి వేరే లైనులో మాట్లాడుకుందామన్నారు. దానికి ముందు ఒక చిన్న పని ఉందట. "ఇదివరకు ఒకడు నన్ను మోసం చేశాడు. మీరు అసలు మనిషేనని భద్రతా ధృవీకరణ విభాగంలో నిరూపించుకుంటే నా మనసు కుదుటపడుతుంది. నాలుగు నిమిషాలే. తిరిగి ఇచ్చేస్తారు" అని ఒక పేజీ పంపారు.

నాలుగు నిమిషాలంటే వేన్నీళ్ల నిమిషాలు. కొత్త సాలూరులో మనిషికి వారానికి పన్నెండు నిమిషాల స్నానం. దుమ్ము పనివాళ్లకు పద్దెనిమిది. మిగిల్చుకున్నవి దాచుకోవచ్చు, ఇంకొకరికి ఇవ్వొచ్చు. పెళ్లిళ్లలో చదివింపులు కూడా వాటితోనే. మా చిన్నాన్న కూతురి పెళ్లిలో ఒకాయన ముప్పావు నిమిషం చదివిస్తే పందిరంతా గొల్లున నవ్వింది.

ఆడమనిషి భయపడుతోంది కదా, నాలుగు నిమిషాలకు వెనకాడితే ఏం మగాడినని పంపేశాను. వెంటనే బంగారు రంగు ముద్రతో పత్రం వచ్చింది. "లెంక సన్నాసిరావు గారు అసలు మనిషి అని ఇందుమూలముగా ధృవీకరించడమైనది."

సన్నాసిరావు.

పగలు, అయిదో రోజు

దులిపిన లారీలు: పది.

పేరు తప్పు పడిందని విభాగానికి రాశాను. దిద్దడానికి ఆరు నిమిషాలవుతుందన్నారు. తప్పు మీదే కదా అంటే, "తప్పు ఎవరిదో తేల్చడానికి విడిగా మూడు నిమిషాలు" అన్నారు. గొడవెందుకని ఆరూ కట్టాను.

మధ్యాహ్నం క్యాంటీనులో అప్ప అంబలి పోస్తూ ఆగి, ముక్కు ఎగబీల్చింది.

"సన్నాసీ, నిన్న తానం సెయ్యనేదేటి?"

"చేశాను అప్పా. త్వరగా అయిపోయింది."

"నా కాడ దాపరికమేటిరా? ఆ ఆప్‌లో పిల్ల గానీ నిమిషాలడిగిందా?"

నా మొహం చూసి చెంబు కింద పెట్టేసింది. "ఒరే, నాను సెప్పేది ఇను. నువ్వు అసలు మనిసివో కాదో సూడ్డానికి జోడీగూడోలు సుక్క నీరు తీసుకోరు. ఓపాలి మొహం సూపించమంటారు, అంతే. మద్దెలో ఇంకోడెవడో వచ్చి ముందు కట్టు, తరవాత ఇస్తానన్నాడంటే ఆడు దొంగే. ఆ పిల్లని తెర మీద ఎదురుగా కనపడమను. కనపడితే మంచిదే. కనపడకపోతే ఆ పిల్లే నేదనుకో."

"అలాంటిదేం లేదు అప్పా" అన్నాను. అప్పతో నేను ఆడిన మొదటి అబద్ధం అదే.

పక్క బల్ల మీద గురునాథం మేస్త్రి తింటున్నాడు. ఊళ్లో గొట్టాలన్నీ వేసిన పాత మేస్త్రి, పని మానేసి రెండేళ్లయింది. డెబ్బై ఏళ్ల మనిషి దగ్గర గంధం సబ్బు వాసన ఘుమఘుమలాడుతోంది. "పెద్దప్ప మాట ఇనుకో బావూ" అని నా భుజం తట్టి వెళ్లాడు. ఎంత శుభ్రమైన మనిషి అనుకున్నాను.

పగలు, ఏడో రోజు

దులిపిన లారీలు: పదకొండు.

రెండో దశ ధృవీకరణ: నేను పెళ్లయినవాణ్ణి కాదని నిరూపించుకోవడం. ఎనిమిది నిమిషాలు. మూడో దశ: రెండో దశలో నేను చెప్పింది నిజమేనని నిరూపించుకోవడం. ఏడు.

తెర మీద ఒక్కసారి కనపడమని లహరి గారిని అడిగాను. గంట సేపు జవాబు లేదు. తరవాత, "మీరు కూడా అందరిలాంటివారే అయ్యారు" అని వచ్చింది. వెంటనే క్షమాపణ అడిగాను. క్షమించారు. ఆ క్షమించే తీరు చూసి ఇంకా ఇష్టం కలిగింది. ఇప్పుడు రాస్తుంటే నాకే సిగ్గేస్తోంది గాని, అప్పటికి నాకలాగే అనిపించింది.

ఈ వారానికి వచ్చిన వాటాతో సహా అంతా పోయి, నా ఖాతాలో ఇప్పుడు నిమిషం కూడా లేదు. ఇరవై అయిదు అక్కడ ఉన్నాయి. అవన్నీ వెనక్కి రావాలంటే "తిరుగు రుసుము" పది కట్టాలట.

అప్పకి మోకాళ్ల నొప్పులు. వారం వారం నాలుగు నిమిషాలు మిగిల్చి, చీకటి రోజుల్లో కాళ్లకు కాపడం పెట్టుకోవడానికి దాచుకుంటుంది. ఆమె దగ్గరకి వెళ్లి, షెడ్డులో నూనె మీద పడింది, కడుక్కోవాలి అని పది నిమిషాలు అడిగి తెచ్చుకున్నాను. ఒక్క ప్రశ్న వేయకుండా ఇచ్చేసింది. రెండో అబద్ధం.

పది పంపాను. "తిరుగు రుసుము అందినది. తిరుగు రుసుము ధృవీకరణకు అయిదు నిమిషాలు" అని వచ్చింది.

అది చదివాక గాలిగొట్టం పట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డాను. దులపాల్సిన లారీ ఎదురుగా ఉంది. అప్పటికి అర్థమైంది. అర్థమైందని ఒప్పుకోవడానికి మాత్రం ఇంకో రెండు రోజులు పట్టేలా ఉంది.

పగలు, తొమ్మిదో రోజు

దులిపిన లారీలు: రెండు. కారణం కింద రాశాను.

పొద్దున్న పదింటికి షెడ్డులో పొగ గంట మోగింది. పైన గాలి లేని చోట బతుకుతున్న వాళ్లకు ఆ గంట కంటే భయం ఇంకొకటి ఉండదు. ఎర్ర దీపాలు తిరిగాయి, తలుపులు దించేశారు, డ్రైవర్లు, పనివాళ్లు అందరం పరుగున రక్షణ గదిలోకి దూరాం. నిప్పు దళం వాళ్లు వచ్చి మూలమూలా వెతికారు. నిప్పు లేదు. కాని గంట ఆగలేదు. పైగా మేము వచ్చాక రక్షణ గదిలో గంట కూడా మొదలైంది.

దళం నాయకుడు చేతిలో పట్టుకునే యంత్రం తీసి గదంతా తిప్పాడు. అది నా దగ్గరకు వచ్చేసరికి కీచుమంది. దూరం జరిపితే ఊరుకుంది. మళ్లీ దగ్గరకు తెస్తే కీచుమంది.

"ఇదేటి బావూ, నువ్వే కాల్తన్నావేటి?" అన్నాడు.

ఎనిమిది రోజుల దుమ్ము. దీపావళి మొత్తం నా ఒంటి మీదే ఉంది. నలభై మంది నా వైపు చూశారు. సూపర్వైజరు జగ్గునాయుడు గారు ఎందుకో గోడవైపు తిరిగి నిలబడ్డారు.

నన్ను బయటికి పంపారు. అయినా లోపల గంట ఆగలేదు. నాయకుడు మళ్లీ యంత్రం తిప్పాడు. ఈసారి అది వెనక వరసలో ఒక డ్రైవరు ముందు కీచుమంది. ఆమె పేరు బెవర శకుంతల. దక్షిణం నుంచి మంచుగడ్డలు తెచ్చే పెద్ద లారీ ఆమెదే. ఎత్తుగా, కాస్త కోపంగా ఉండే మనిషి. మూడేళ్లుగా ఆమె లారీ దులుపుతున్నాను గాని, "అద్దం సరిగ్గా తుడవండి" తప్ప ఆమె నోట ఇంకో మాట వినలేదు.

ఇద్దరినీ ఒక చిన్న గదిలో కూర్చోబెట్టి, గాలి మార్చేదాకా కదలొద్దన్నారు. కాసేపు ఎవరి గోడ వాళ్లు చూసుకున్నాం.

"నాకు సబ్బు పడదు" అన్నాను నేను.

"నాకూ పడదు" అన్నారు ఆమె.

ఆ తర్వాత ఆమె ఉన్నట్టుండి, "సబ్బు పడకపోడం మూడో దశ తరవాతా, నాలుగో దశ తరవాతా?" అన్నారు.

నాకు నవ్వు ఆగలేదు. ఆమెకీ ఆగలేదు. బయటి కాపలా వాడు మాకు పొగ తలకెక్కిందనుకున్నాడట.

ఆమె జోడీ పేరు కెప్టెన్ విక్రమాదిత్య. శిఖరానికి అవతలెక్కడో ఉంటాడు, రాకెట్టు నడుపుతాడు, రాకెట్టులో శబ్దం చేయకూడదు కాబట్టి గొంతు వినిపించడు. ఇద్దరం చేతి తెరలు పక్కపక్కన పెట్టి చూసుకున్నాం. "ఇదివరకు ఒకడు నన్ను మోసం చేశాడు" అని నాకు. "ఇదివరకు ఒకతె నన్ను మోసం చేసింది" అని ఆమెకు. మిగతాది అక్షరం మారలేదు. ఆమె పత్రం మీద పేరు "బెదర శకుంతల" అని పడింది.

"దిద్దడానికి ఆరు కట్టారా?" అన్నాను.

"కట్టనేదు. బెదర బాగానే ఉందని ఒగ్గేసినాను" అన్నారు. తర్వాత గొంతు తగ్గించారు. "ఈ సంగతి ఎవులికీ సెప్పకండి. ఇడాకులై ఆరేల్లు. మల్లీ ఓ మనిసి కావాలనుకున్నానని తెలిస్తే డ్రైవర్లు నన్ను బతకనిస్తారా?"

నేనూ అందుకే ఎవరికీ చెప్పలేదు. నిమిషాలు పోయినందుకు కాదు. ఒకరు నన్ను మెచ్చుకుంటే నిజమే కాబోలు అనుకున్నానే, ఆ సంగతి నలుగురికీ తెలుస్తుందని.

"అప్పకి మాత్రం చెప్పాలి" అన్నాను. "ఆమెవి పది నిమిషాలు తిన్నాను."

పగలు, పదో రోజు

దులిపిన లారీలు: లేవు. ముందు స్నానం చేసి రమ్మని షెడ్డులోంచి పంపేశారు. స్నానానికి నిమిషాలు లేవు.

అప్పకి చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. అన్ని గిన్నెలూ ఒక్కొక్కటే తుడిచింది. అది ఇంకా కష్టంగా ఉంది. చివరికి, "నన్నడిగితే ఉత్తినే ఇద్దును కదరా. నూనె పడ్డాదని ఏల సెప్పినావు?" అంది.

తర్వాత వెనక నిలబడ్డ శకుంతల గారిని పైనుంచి కిందదాకా చూసి, "నువ్వూనా అమ్మా? ఎన్ని?" అంది.

"నలభై."

"ఓలమ్మా! మరింక కూకో. ముందు అంబలి తాగు."

శకుంతల గారు అంబలి తాగుతూ ఒక మాట అన్నారు. మొత్తం ఊరి బుర్రలు పెట్టినా తట్టని మాట. "నిమిసాలు కాయితం మీదవి కావు కదా. ఎక్కడికో ఎల్లినాయంటే అక్కడ వేన్నీల్లు పడాల. శిఖరం ఏపుకి ఇక్కడి నుంచి గొట్టం నేదు. నాను నెలకి రెండుసార్లు ఆ దారంటే ఎల్తాను, నాకు తెలీదేటి? ఆడెవడో ఈ ఊల్లోనే ఉన్నాడు."

ముగ్గురం స్నానాల హాలుకి వెళ్లాం. హాలు చూసుకునే కృష్ణవేణి గారు ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకునే మాట్లాడారు. తన కుళాయిల్లో ఎవరూ వాటాకు మించి వాడలేదని ఒట్టేశారు. మరి ఇంకెక్కడ వేన్నీళ్లు వస్తాయి? నాకు తెలిసి హాలు వెనక సొరంగంలోంచి నాలుగు గొట్టాలు వెళ్తాయి: ఆసుపత్రికి, వంటశాలకి, చోడి పొలాలకి, పాత ట్యాంకర్ల యార్డుకి. యార్డు మూసేసి రెండేళ్లయింది.

రేపు అయిదు నిమిషాలు కడతానని విభాగానికి రాశాను. "మీ నిజాయితీకి ధన్యవాదములు సన్నాసిరావు గారూ" అని జవాబొచ్చింది.

పగలు, పదకొండో రోజు

దులిపిన లారీలు: లేవు. కాని ఈరోజు పని చేశాను.

పథకం ఇది. కృష్ణవేణి గారు తన సొంత అయిదు నిమిషాలు నా ఖాతాలో వేశారు. (ఆమెకు ఇందులో అంత పట్టుదల ఎందుకో తర్వాత తెలిసింది. ఆమె ఆరు నెలల కిందటి బాధితురాలు.) సొరంగంలో నలుగురం తలో గొట్టం మీద చెయ్యి వేసి నిలబడ్డాం. నాది ఆసుపత్రి గొట్టం, అప్పది వంటశాల, కృష్ణవేణి గారిది పొలాలు, శకుంతల గారిది యార్డు. రెండో చేత్తో అయిదు నిమిషాలు పంపేశాను. అందిన నిమిషాలు అందినట్టే వాడుకుంటాడని మా ఆశ.

"నాది సల్లగానే ఉన్నాది" అంది అప్ప.

"నాదీ అంతే" అన్నారు కృష్ణవేణి గారు.

శకుంతల గారు ఒక్కసారి చెయ్యి వెనక్కి లాక్కున్నారు. "కాల్తంది!"

వెచ్చగా ఉన్న గొట్టాన్ని తడుముకుంటూ, వంగుతూ, ఒకచోట పాకుతూ యార్డు దాకా వెళ్లాం. అక్కడ తుప్పు పట్టిన ట్యాంకర్లు ఆరు వరసగా ఉన్నాయి. చివరిదాని మూతలోంచి ఆవిరి లేస్తోంది. లోపల ఎవరో కూనిరాగం తీస్తున్నారు. గంధం సబ్బు వాసన.

నేను జేబులోంచి చేతి తెర తీసి, "లహరి గారూ, బాగున్నారా?" అని పంపాను.

ట్యాంకరు లోపల టింగుమంది.

శకుంతల గారు నిచ్చెనెక్కి మూత ఎత్తారు. లోపల మెడదాకా వేన్నీళ్లలో, కళ్లు మూసుకుని, తల మీద తడిగుడ్డతో గురునాథం మేస్త్రి తేలుతున్నాడు. చంద్రుడి మీద నీళ్లు నిదానంగా లేచి నిదానంగా పడతాయి. ఆయన కాలు కదిపితే మోకాలెత్తు అల లేచి, తీరిగ్గా ఆలోచించుకుని, మళ్లీ కిందికి దిగింది. నడుముకి తువ్వాలు ఉంది. అందుకు నలుగురం సంతోషించాం.

ఆయన కళ్లు తెరిచి మమ్మల్ని చూశాడు. "ఆ మూత ఏసీండమ్మా, ఆవిరి పోతంది" అన్నాడు.

"ఆవిరా!" అని అప్ప కింది నుంచే కేకేసింది. "అందులో నా మోకాల్ల నీల్లున్నాయి, దిగు ముందు!"

పక్కన ప్లాస్టిక్ సంచిలో ఆయన తెర, దాని మీద ఏడుగురి పేర్లు. ఆయన వేళ్ల చివర్లు ఎండు ద్రాక్షల్లా ముడతలు పడి ఉన్నాయి. దిగాక బెంచీ మీద కూర్చుని నేలవైపు చూస్తూ చెప్పుకొచ్చాడు. "నలబై ఏల్లు అందరి ఇల్లకీ నీల్లు ఏసినాను. రిటైరైన్నాడు దండేసి, వారానికి పన్నెండు నిమిసాలన్నారు. చిన్నప్పుడు ఏట్లో దిగితే మా అమ్మ పిలిసీదాకా ఎక్కీవోన్ని కాదు. మెడదాకా నీల్లలో ఓపాలి కూకుందామనుకున్నాను. ఓపాలితో ఆగలేపోనాను."

"మరి లహరి గారు?" అన్నాను. నాకే తెలుసు అది పిచ్చి ప్రశ్నని.

"ఫొటో ఎక్కడో దొరికింది. మాటలు నావే బావూ." తల మీది తడిగుడ్డ పిండుకుంటూ, "ఉల్లిపాయ సంగతి మాత్రం నిజమే. నాకూ ఉల్లిపాయే ఇష్టం" అన్నాడు.

కొడదామని ఎత్తిన చెయ్యి దించేశాను. జీవితంలో నాతో అంతసేపు ఇష్టంగా మాట్లాడిన మనిషి డెబ్బై ఏళ్ల గొట్టాల మేస్త్రి అని మింగుడు పడ్డానికి టైం పడుతుంది. ఆ కోపం ఇంకా పోలేదు. పోవాలని కూడా లేదు.

పగలు, పదమూడో రోజు

దులిపిన లారీలు: పద్నాలుగు. (శుభ్రంగా ఉన్నాను. ఎలాగో కింద ఉంది.)

నిన్న ఊరి సభ జరిగింది. మేస్త్రికి ఏడాదిపాటు నిమిషాలు సగానికి కోత. రోజూ స్నానాల హాలు ముందు నిలబడి, తాను ఎలా మోసం చేశాడో వచ్చినవాళ్లకు విడమరిచి చెప్పాలి. ట్యాంకరులో ఉన్న నీళ్లు వడగట్టి, మళ్లీ కాచి, మోసపోయిన వాళ్లు వంతులవారీగా అందులో కూర్చోవాలి.

చిక్కేమిటంటే ఏడుగురిలో బయటపడింది మేం ముగ్గురమే. మిగతా నలుగురి పేర్లు చదవబోతే అప్ప సభలో లేచి అడ్డుపడింది. "పేర్లెందుకు? మోసం సేసినోడు సిగ్గుపడాల గానీ ఈల్లెందుకు సిగ్గుపడాల? అయినా సిగ్గయితే మొహానికి గుడ్డ కట్టుకుని రండి. వాసనే మీ పత్రం."

ఈరోజు నలుగురూ వచ్చారు, ముసుగుల్లో. మూడో ముసుగు మా షెడ్డు చెప్పులేసుకుని, చంకలో రిజిస్టరు పెట్టుకుని ఉంది. "నమస్తే జగ్గునాయుడు గారూ" అనబోయి నాలుక కరుచుకున్నాను. ఆయన ట్యాంకరు దిగి వెళ్తూ నా దగ్గర ఆగి, ముసుగులోంచే, "రెండో వరస నుంచి కూడా సదువుతుంటాను నాను. అయిదో రోజే నీకు సెబుదామనుకున్నాను. నోరు రానేదు" అని వెళ్లిపోయారు.

నా వంతు ఇరవై నిమిషాలు అప్పకి ఇచ్చేశాను. ఆమె అందులో మోకాళ్లు చాపుకుని కూర్చుని, పది నిమిషాలకే మూత తీసి, "ఇంక సాలు, మిగతాది నువ్వు దిగు, ఊరు ఊపిరి పీల్చుకుంటాది" అంది.

హాలు ముందు మేస్త్రి పాఠం విన్నాను. సిగ్గుపడుతూ మొదలుపెట్టాడు గాని, సగానికొచ్చేసరికి పనితనం గురించి చెప్పే మేస్త్రిలా తయారయ్యాడు. "ముందు తియ్యగా మాటాడాల. రెండో రోజు ఆప్ లోంచి బయటికి లాగాల, నేపోతే ఆప్ వోలు పట్టేస్తారు. తరవాత తిరిగిస్తామని కొంచెమే అడగాల. ఓపాలి కట్టినోడు రెండోపాలి కడతాడు, పోయింది రాబట్టుకోడానికి. ఎదురుగా కనపడమని ఎవుడన్నా అడిగితే అలగాల. అలిగినా ఇనకుండా మల్లీ అడిగినోల్ల కాడ ఒక్క నిమిసం కూడా రాలేదు నాకు."

వెనక నిలబడ్డ శకుంతల గారు నా చెవిలో, "నువ్వు మల్లీ అడగనేదేటి?" అన్నారు.

"క్షమించమని అడిగాను."

"నానూ అంతే" అంది. అప్పుడే గమనించాను, ఆమె నన్ను నువ్వు అంది. నేను కూడా ఇక్కడ 'అన్నారు' అని రాయడం మానేశాను.

తర్వాతి పగలు, ఆరో రోజు

దులిపిన లారీలు: సున్నా. నేనే లారీలో ఉన్నాను.

మధ్యలో వచ్చిన పద్నాలుగు చీకటి రోజులూ లారీలు కదల్లేదు. శకుంతల రోజూ క్యాంటీనుకి వచ్చేది. అప్ప మా బల్ల వైపు రాకుండా, ఎక్కణ్ణుంచైనా మా మాటలు వినపడేలా పని చేసుకునేది. ఈ ట్రిప్పుకి శకుంతలకి తోడు మనిషి కావలసి వచ్చింది. జగ్గునాయుడు గారు ఎవరూ అడక్కుండానే నా పేరు రాశారు.

నిన్న శిఖరం చూశాను. మంచు తవ్వే యంత్రం ఒకటి, రేకుల షెడ్లు మూడు, పదకొండు మంది మనుషులు. దుర్భిణీ లేదు. తిరుగు దారిలో లారీ ఆపి భోంచేస్తున్నప్పుడు, చేతిలో ముద్ద ఉండగానే, నన్ను పెళ్లి చేసుకుంటావా అని అడిగేశాను. ముందు అనుకున్న మాటలు ఇంకా చాలా ఉన్నాయి. ఒక్కటీ గుర్తు రాలేదు.

ఆమె తినడం పూర్తి చేసి, చెయ్యి గుడ్డతో తుడుచుకుని, "ఆలోసించుకోవాల. ఊరొచ్చీదాకా నాతో మాటాడకు" అంది.

తొమ్మిది గంటలుగా మాట్లాడలేదు. నల్లటి ఆకాశం, తెల్లటి నేల, ఇంజను రొద. ఒకసారి తుమ్మొచ్చింది. అది మాట కింద లెక్కకొస్తుందేమోనని ఆపుకున్నాను.

ఇదిగో, ఊరు మూడు కిలోమీటర్లు ఉందనగా లారీ ఆపింది. మిగతాది ఊళ్లోకొచ్చాక రాస్తున్నాను.

స్టీరింగు మీద చేతులు పెట్టి ఎదురుగా చూస్తూ, "ఒకటడుగుతాను. నిజం సెప్పు. నిద్దట్లో గురక పెడతావేటి?" అంది.

లేదనొచ్చు. నెల కిందట అయితే లేదనే చెప్పేవాణ్ణి.

"పెడతాను."

"ఏపాటి?"

"పక్కింటివాళ్లు గోడ కొడతారు."

"నాను పెడితే ఈది సివరోలు వచ్చి తలుపు కొడతారు" అంది. లారీ స్టార్టు చేసింది.

గేటు దగ్గర కాపలా గొంతు ఎప్పటిలాగే అడిగింది. "మంచు లారీ, లోపల ఎవరెవరు?"

"బెవర శకుంతల. మా ఆయన."

అవతల కాగితాలు తిప్పిన శబ్దం. "ఇందులో లెంక సన్యాసిరావు, తోడు మనిషి అని ఉందమ్మా. మీ ఆయనెప్పుడయ్యాడు?"

"మూడు కిలోమీటర్ల కిందట" అంది శకుంతల. "గేటు తియ్యి, మంచు కరుగుతంది."